పన్ను కోత, నేరాల లెక్క: ప్రారంభ నిల్వ ఎక్కడిది?

(విజయవాడలో ఒక సాయంకాల పాఠకుల సమావేశంలో, వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి ఇచ్చిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పన్నుల తగ్గింపు, నేరాలు, ఆర్థిక పరిస్థితి అనే మూడు విషయాల మీద పార్టీలు ఎందుకు ఒక మాట మీదకు రావో చెప్పమని నన్ను అడిగారు. నేను రాజకీయ పండితుణ్ణి కాను. అమ్మకం పన్ను రోజుల్లో ఉద్యోగంలో చేరి, 2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ వచ్చేదాకా వ్యాపారుల లెక్కల పుస్తకాలు తిరగేసినవాణ్ణి. గుంటూరులో పనిచేసిన రోజుల్లో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే ఉంది. పుస్తకంలో కూడిక తప్పు వేసే వ్యాపారి దాదాపుగా ఉండడు. కొన్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, అమ్మిన టిక్కీలు, వాటి మధ్య తేడా అన్నీ అణాపైసలతో సరిపోతాయి. సరిపోనిదల్లా మా శాఖలో ఓపెనింగ్ స్టాక్ అనే ప్రారంభ నిల్వ ఒక్కటే. ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయానికి కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు ఉన్నాయన్న ఆ మొదటి వరుసను ఎలా వేశాడన్నదాని మీదే కింద ఉన్న లెక్కంతా ఆధారపడుతుంది. పార్టీల వాదన విన్నప్పుడల్లా నాకు ఆ మొదటి వరుసే గుర్తుకొస్తుంది. వాళ్లు చెప్పే అంకెలు చాలావరకు నిజమే. ఏ ఏడాది నుంచి మొదలుపెట్టారు, ఏది కలిపారు, ఏది వదిలేశారు అన్న చోటనే పార్టీ దూరుతుంది.

ముందుగా అమెరికా సంగతి చెబుతాను. ఈ సభలో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు కాబట్టి అది పరాయి దేశం గొడవ అని ఎవరూ అనుకోరు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2017 డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వం పన్నుల చట్టం తెచ్చినప్పటి నుంచి ఆ అన్నాచెల్లెళ్లకు పడదు. "బాబాయ్, అందరికీ పన్ను తగ్గింది" అని వాడు, "నాన్నా, మాకేమీ మిగల్లేదు" అని ఇది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కారు. అందుకని ఒక ఆదివారం ఇద్దరి రిటర్నులూ తెప్పించుకుని చూశాను. చట్టం నిజంగానే ఆదాయపు పన్ను రేట్లను తగ్గించింది, కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది. అయితే అదే చట్టం, రాష్ట్రానికీ స్థానిక సంస్థలకూ కట్టిన పన్నును కేంద్ర పన్ను లెక్కలో మినహాయించుకునే సౌకర్యానికి 10,000 డాలర్ల పరిమితి పెట్టింది. డాలస్ ఉన్న టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను అసలు లేదు. న్యూజెర్సీలో రాష్ట్ర ఆదాయపు పన్నూ ఉంది, ఇంటి పన్ను దేశంలోకెల్లా ఎక్కువగా వేసే రాష్ట్రాల్లో అదొకటి. మా అమ్మాయివాళ్లకు ఒక చేత్తో ఇచ్చినది రెండో చేత్తో దాదాపు తీసేసుకున్నారు.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ బిల్లుకు ప్రతినిధుల సభలో డెమోక్రాట్లు ఒక్కరూ ఓటు వేయలేదు. ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్లలోనూ 12 మంది వ్యతిరేకించగా, వారిలో 11 మంది న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల నుంచి గెలిచినవారు. పన్ను తగ్గించడమే తమ సిద్ధాంతం అని చెప్పుకునే పార్టీలోనే, తమ ఊరివాళ్ల రిటర్నులో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు పార్టీ గీత దాటారు. 2025 జులైలో అదే పార్టీ మరో పెద్ద పన్నుల చట్టం చేసినప్పుడు ఆ పరిమితిని 40,000 డాలర్లకు పెంచక తప్పలేదు. సెనేట్‌లో ఆ బిల్లు 50-50 దగ్గర ఆగితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది.

పన్ను తగ్గిస్తే రాబడి పెరుగుతుందన్న వాదానికి ఒక హోటల్ కథ ఉంది. 1974లో వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో ఆర్థర్ లాఫర్ అనే ఆర్థికవేత్త, అప్పటి ప్రభుత్వ పెద్దలైన రమ్స్‌ఫెల్డ్, చేనీలతో భోజనం చేస్తూ చేతిరుమాలు మీద ఒక వంపుగీత గీశాడని చెబుతారు. గీసినట్టు తనకు గుర్తులేదని లాఫరే తర్వాత అన్నాడు. గీత చెప్పేది మాత్రం సులభమే. పన్ను రేటు సున్నా అయితే రాబడి సున్నా, నూరు శాతమైనా రాబడి సున్నాయే, ఎందుకంటే ఎవడూ పని చేయడు, చేసినా చూపించడు. కాబట్టి మధ్యలో ఎక్కడో ఒక శిఖరం ఉంటుంది. దీన్ని నేను కాదనలేను. రేటు భరించలేనంత ఉన్న సరుకు ఎలా 'జీరో'లోకి, అంటే బిల్లు లేని అమ్మకంలోకి జారిపోతుందో, బిల్లు లేని లారీ చెక్‌పోస్టు తప్పించుకోవడానికి ఏ డొంకదారి పడుతుందో నా కళ్లతో చూశాను. చిక్కంతా శిఖరం ఎక్కడుందన్న దగ్గరే వస్తుంది. గరిష్ఠ రేటు 70 శాతం ఉన్న రోజుల్లో పనికొచ్చిన వాదం 35 శాతం దగ్గర కూడా అంతే పనికొస్తుందని గీత చెప్పదు, గీసినవాడూ నిరూపించలేదు.

రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ 1981లో ఆ గరిష్ఠ రేటును 70 నుంచి 50కి తగ్గించాడు, 1986 చట్టంతో అది 28కి దిగింది. రిపబ్లికన్లు లెక్కను 1982 మాంద్యం అడుగు నుంచి మొదలుపెట్టి, తర్వాత వచ్చిన ఉద్యోగాలను చూపిస్తారు. డెమోక్రాట్లు అప్పు పద్దు తెరుస్తారు. ఆయన పదవి ఎక్కేనాటికి లక్ష కోట్ల డాలర్ల లోపున్న కేంద్రం అప్పు, దిగేనాటికి సుమారు మూడింతలైంది. మధ్యలో 1982లోనే రీగన్ కొన్ని పన్నులు మళ్లీ పెంచాడన్న సంగతిని ఆయన అభిమానులు తలవరు. అప్పటి కేంద్ర బ్యాంకు అధిపతి వోల్కర్ వడ్డీరేట్లను ఆకాశానికి ఎత్తి ద్రవ్యోల్బణాన్ని అణిచి, ఆ తర్వాత దించడం వల్ల ఎంత వృద్ధి వచ్చింది, పన్ను కోత వల్ల ఎంత వచ్చింది అని విడదీయడం ఇరుపక్షాల్లో ఎవరికీ అక్కరలేదు. 1993లో డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ గరిష్ఠ రేటును 39.6 శాతానికి పెంచినప్పుడు రిపబ్లికన్లు ఒక్కరూ ఓటు వేయలేదు, దేశం మునిగిపోతుందన్నారు. 1998 నుంచి 2001 వరకు బడ్జెట్‌లో మిగులు వచ్చింది. అప్పుడు వాళ్లు ప్రారంభ నిల్వను 1993 నుంచి జరిపి, తాము అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌ను గెలిచిన 1994 ఎన్నికల దగ్గర పెట్టారు!

ఈ వరసలో నాకు ఎక్కువగా పనికొచ్చే ఉదాహరణ కాన్సస్ రాష్ట్రం, ఎందుకంటే అది మన జిల్లాల స్థాయి కథలా ఉంటుంది. 2012లో గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ అక్కడ ఆదాయపు పన్నును బాగా కోశాడు, చాలా చిన్న వ్యాపారాల ఆదాయానికి పన్ను పూర్తిగా తీసేశాడు. అనుకున్న వృద్ధి రాలేదు, ఖజానాలో గండి పడింది, బడుల నిధుల మీదా రోడ్ల నిధుల మీదా దెబ్బ తగిలింది. 2017లో గవర్నర్ వీటోను తోసిపుచ్చి ఆ కోతలో చాలా భాగాన్ని రద్దు చేసిన శాసనసభలో మెజారిటీ ఎవరిదనుకుంటున్నారు? ఆయన రిపబ్లికన్ పార్టీదే. కేంద్ర ప్రభుత్వం అప్పు చేసి గండి పూడ్చుకోగలదు, రాష్ట్రానికి ఆ వెసులుబాటు తక్కువ. ఊరి బడికి డబ్బు చాలనప్పుడు ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

ఇక మన ఇంటికి వద్దాం. 2019 సెప్టెంబరు 20న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్ను మూల రేటును, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 22 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయలు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఇప్పుడు ప్రారంభ నిల్వ చూడండి. కంపెనీల పన్ను వసూలు 2018-19లో సుమారు 6.63 లక్షల కోట్లు. 2020-21లో సుమారు 4.57 లక్షల కోట్లు. 2023-24లో సుమారు 9.11 లక్షల కోట్లు. మొదటి అంకె నుంచి రెండో అంకెకు వచ్చి ఆగినవాడు "కోతతో మూడో వంతు రాబడి పోయింది" అంటాడు. రెండో అంకె నుంచి బయలుదేరినవాడు "రాబడి రెట్టింపైంది" అంటాడు. మధ్యలో కరోనా అనే మహా ఉత్పాతం వచ్చి దేశాన్ని మూసేసిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ ఏడాదిని తమకు అనువైన కొసన కట్టేసుకున్నారు. మొదటి అంకె నుంచి మూడో అంకెకు నేరుగా వెళ్లి, ఆ ఐదేళ్లలో ధరలు ఎంత పెరిగాయో తీసివేసి, జాతీయాదాయంలో ఆ పన్ను వాటా ఎంత అని అడిగేవాడికి టీవీ చర్చలో కుర్చీ వేయరు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. పన్నెండు, ఇరవై ఎనిమిది శాతాల మెట్లు పోయి ప్రధానంగా అయిదు, పద్దెనిమిది మిగిలాయి, కొన్నిటికి నలభై శాతం పెట్టారు. సిమెంటు 28 నుంచి 18కి, బిస్కెట్లు 18 నుంచి 5కి దిగాయి. ఆ వారంలో నేను బీసెంట్ రోడ్డులో ఒక కిరాణా దుకాణానికి వెళ్లి, పాత అలవాటు పోక, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని ధర ఎంత తగ్గిందని అడిగాను. "అయిదుకు తక్కువ ఎట్లా అమ్మేది సార్, చిల్లర ఎవరి దగ్గరుంది? కొత్త సరుకులో నాలుగు గ్రాములు ఎక్కువేస్తారంట" అన్నాడాయన. ఆ నాలుగు గ్రాములు కొనేవాడికి దక్కిన పన్ను కోత. పెద్ద టీవీ కొన్నవాడికి వేల రూపాయలు మిగిలాయి, ఆయనకు అది బిల్లులో కనిపిస్తుంది. కేంద్రంలోని పార్టీ దీన్ని పండగ కానుక అంది. ప్రతిపక్షం ఎనిమిదేళ్లు ఎక్కువ వసూలు చేసి ఇప్పుడు తగ్గించడం ఏం ఘనత అంది. రెంటిలోనూ నిజం ఉంది. రెండు పక్షాలూ అంతగా పలకని మాట ఒకటుంది. జీఎస్టీలో రాష్ట్రం వాటా రాష్ట్రానిదే కాబట్టి రేటు తగ్గినప్పుడు ఆ లోటులో సగం అమరావతి బడ్జెట్ మీద పడుతుంది. రాష్ట్రాల జీఎస్టీ రాబడి ఏటా 14 శాతం పెరిగేలా హామీ ఇచ్చి కేంద్రం కట్టిన పరిహారం 2022 జూన్‌తోనే అయిపోయింది.

మన పట్టణాల్లో చెత్త పన్ను కథ మీకు నాకంటే బాగా తెలుసు. 2021లో చెత్త సేకరణకు ఇంటింటి నుంచి నెలనెలా వసూలు మొదలైంది. పెట్టినవాళ్లు దాన్ని వినియోగ రుసుము అన్నారు, ఎదురుపక్షంవాళ్లు చెత్త పన్ను అన్నారు, జనం నోట రెండో పేరే నిలిచింది. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. రద్దయిన మర్నాడు కూడా మా వీధిలోకి బండి వచ్చింది, డీజిలు కాలింది, చెత్త ఎత్తే కార్మికుడికి జీతం కట్టవలసే ఉంది. ఆ ఖర్చు ఏ పద్దు కింద ఏ నిధి నుంచి వెళ్తోందని ఆ రోజు సంబరపడినవాళ్లు అడగలేదు, సంతాపం ప్రకటించినవాళ్లూ అడగలేదు. ఈ విషయంలో మన పూర్వులు మనకంటే గట్టివాళ్లు. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాలలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరే ఖాళీ చేసి బయట రామ్‌నగర్ అని గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఈ పన్నుకు మాకేం ఇస్తావు అన్నదే వాళ్ల ప్రశ్న. పన్ను ఎంత అన్నది రెండో ప్రశ్న.

నేరాల సంగతికి వస్తే, అక్కడ మొదటి వరుస మరింత మసకగా ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వాషింగ్టన్ నగరంలో నేరాల అత్యవసర పరిస్థితి ప్రకటించి నేషనల్ గార్డ్ అనే సైనిక దళాలను దింపాడు. నగరంలో నేరాలు విపరీతంగా ఉన్నాయని ఆయన పక్షం, తగ్గుతున్నాయని డెమోక్రాట్లు అన్నారు. లెక్క చూస్తే, సుమారు ఏడు లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో 2023లో 274 హత్యలు, 2024లో 187 హత్యలు జరిగాయి. ఏడాదిలో దాదాపు మూడో వంతు తగ్గాయి. అయినా లక్ష జనాభాకు ఇరవై ఆరు దాకా వస్తుంది, అది చాలా ఎక్కువ. 'తగ్గుతోంది' అన్న మాటకూ 'ఎక్కువగా ఉంది' అన్న మాటకూ వైరుధ్యం లేదు. జ్వరం నూట నాలుగు నుంచి నూట రెండుకు వస్తే డాక్టరు రెండు మాటలూ ఒకే వాక్యంలో అంటాడు. పార్టీలు ఆ వాక్యాన్ని రెండుగా చీల్చి చెరో ముక్కా పట్టుకుంటాయి. 2020లో అమెరికాలో హత్యలు ఒక్క ఏడాదిలో 30 శాతం దాకా పెరిగినప్పుడూ ఇదే జరిగింది. నగరాల మేయర్లు డెమోక్రాట్లని ఒకరు, దేశాధ్యక్షుడు ఆనాడు రిపబ్లికనే కదా అని ఇంకొకరు అన్నారు. పెరుగుదల మాత్రం ఇరుపార్టీలు ఏలే రాష్ట్రాల్లోనూ వచ్చింది. పైగా 2021లో లెక్కలు పంపే పద్ధతి మార్చేసరికి న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసుల వంటి పెద్ద విభాగాలే దేశమంతటి నేరాల లెక్కలు కట్టే ఎఫ్‌బీఐకి పూర్తి వివరాలు ఇవ్వలేకపోయాయి. ఆ ఏడాదిని ప్రారంభ నిల్వగా పెట్టుకుని వాదించేవాడు పునాది లేని గోడ కడుతున్నాడని నా అభిప్రాయం.

మన దేశంలో నేరాల లెక్క పుస్తకాన్ని జాతీయ నేర నమోదు సంస్థ ప్రచురిస్తుంది. అందులో ఒక నియమం ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాని కిందే లెక్కిస్తారు. లక్ష జనాభాకు ఎన్ని అని చెప్పడానికి వాడే జనాభా 2011 జనగణన నుంచి కట్టిన అంచనా. వీటికంటే పెద్ద సంగతి, అవి జరిగిన నేరాలు కావు, నమోదైన నేరాలు. 2012లో దేశంలో నమోదైన అత్యాచార కేసులు 24,923 కాగా 2013లో 33,707. ఏడాదిలో దుర్మార్గులు మూడో వంతు పెరిగారా? ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత చట్టం నిర్వచనం విస్తరించింది, ఆడవాళ్లు ధైర్యం చేసి స్టేషన్ మెట్లెక్కారు, పోలీసులు వెనక్కి పంపడానికి వెనుకాడారు. కేసు పెట్టదగిన నేరమని తెలిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పులో చెప్పింది కూడా 2013 నవంబరులోనే. అంకె పెరగడం అక్కడ కొంతవరకు మంచికే. ఆ అంకెను పట్టుకుని అధికారపక్షాన్ని తిట్టడం ఎంత సులభమో, కేసులు కట్టకుండా అంకె దించి భుజాలు చరుచుకోవడం అంతకంటే సులభం.

ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట ఒక ఊరి బస్టాండులో నా జేబులోని ఫోను కొట్టేశారు. స్టేషన్‌కు వెళ్తే కేసులు రాసే రైటరు మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, "దొంగతనం అని రాస్తే కోర్టు చుట్టూ తిరగాలి సార్, ప్రయాణంలో జారిపోయింది అని రాసివ్వండి, కొత్త సిమ్ముకు కాగితం ఇప్పుడే ఇస్తాం" అన్నాడు. ముప్పై ఏళ్లు ఇతరుల లెక్కలు తప్పుపట్టిన నేను ఆ కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. ఆ ఏడాది ఆ జిల్లాలో దొంగతనాలు తగ్గాయని ఎవరైనా ప్రకటించి ఉంటే, అందులో నా వంతు ఒకటి ఉంది.

2024 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం వరుసగా శ్వేతపత్రాలు విడుదల చేసింది. శాంతిభద్రతల మీద ఒకటి, ఆర్థిక పరిస్థితి మీద ఒకటి వచ్చాయి. అప్పు ఎంత అన్న దగ్గర అధికార, ప్రతిపక్షాల అంకెలు కలవలేదు. కార్పొరేషన్ల పేరున తెచ్చిన అప్పును, కాంట్రాక్టర్లకు బాకీ ఉన్న బిల్లులను కలపాలా వద్దా అన్నదే అక్కడ అసలు తగాదా. బాకీ బిల్లు అప్పు కాదనే వ్యాపారిని నేనైతే నమ్మను, అది ఏ పార్టీ హయాంలో పేరుకున్నదైనా సరే.

ఆర్థిక పరిస్థితి మీద జనాభిప్రాయం గురించి ఒక్క మాట. అమెరికాలో ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న సర్వేల్లో, అధ్యక్షుడి పార్టీ మారగానే రెండు పార్టీల మద్దతుదారులూ ఆర్థిక వ్యవస్థ మీద తమ అభిప్రాయాన్ని తారుమారు చేసుకుంటున్నారు. ఎన్నికల ముందువారం జీతం, తర్వాతివారం జీతం ఒకటే. అక్కడ ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరి, ఏడాది తిరిగేసరికి మూడు శాతం దగ్గరకు దిగింది. దిగింది ధర కాదు, ధర పెరిగే వేగం. బైడెన్ పక్షం వేగం చెప్పింది, ట్రంప్ పక్షం ధర చెప్పింది, సరుకులు కొనే ఇల్లాలు ధర వైపే మొగ్గింది. అది మన ఇళ్లలో కందిపప్పు కొనేవాళ్లకు వివరించనక్కరలేదు.

పోయిన నెల ఫోనులో మా అన్నాచెల్లెళ్లిద్దరూ మళ్లీ పడ్డారు, ఈసారి కోడిగుడ్ల ధర మీద. ఏ నెల నుంచి లెక్కపెడుతున్నారని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. వాడు 2021 జనవరి నుంచి అన్నాడు, మా అమ్మాయి 2025 జనవరి నుంచి అంది. ఆ రెండు నెలలూ ఎవరెవరు పదవి ఎక్కిన నెలలో మీకు చెప్పనక్కరలేదు. ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉందని చెప్పాను. వాడు ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, నువ్వు ఎప్పుడూ వాడి పక్షమే" అంది.

సమయం మించిపోయిందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, వెనక వరుసవారు ముందు.